ఏదీ కాదు అనే కాలమ్

దేవకుమారి గారికీ నాకూ పరిచయం తగువుతోనే మొదలైంది. ఇరవై ఏడేళ్ల కిందటి మాట. కడియానికీ రాజమండ్రికీ మధ్య రోడ్డు మీదున్న మా డిగ్రీ కాలేజీలో నేను అప్పటికే లైబ్రేరియన్ని. ఆవిడ కొత్తగా చేరిన ఫిజిక్స్ లెక్చరరు. చేరిన మూడో రోజే లైబ్రరీకి వచ్చి, ఇంగ్లిషు పేపరులో ఒక మూల వేసిన వార్త చూపించి, "ఇది కత్తిరించుకోవచ్చా అండీ?" అని అడిగారు. లైబ్రరీ పేపరు కత్తిరించడమంటే నా దృష్టిలో దొంగతనమే. ఆ మాట మొహం మీదే అనేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. మర్నాడు రూళ్ల నోటుబుక్కు తెచ్చుకుని ఆ వార్త మొత్తం నిలబడే రాసుకున్నారు. కుర్చీలో కూర్చుంటే అదొక అభ్యంతరం చెబుతానేమోనని భయం కాబోలు. నాకు సిగ్గేసింది. నెల తిరిగి ఆ పేపరు పాతబడ్డాక నేనే కత్తెర పట్టుకుని ఆ ముక్క కత్తిరించి ఇచ్చాను.

ఆ వార్త టాప్ క్వార్క్ అనే ఒక కణం గురించి. అప్పటినుంచి ఈనాటిదాకా నేను దాని గురించి వినని వారం లేదు. నా పేరు శ్యామలాంబ, చదివింది లైబ్రరీ సైన్సు, నాకు నోటి దురుసు ఎక్కువని కాలేజీ అంతా అంటారు. అలాంటిదాన్ని ఇన్నేళ్లు ఒక కణం గురించి ఓపిగ్గా విన్నానంటే అది చెప్పిన మనిషి గొప్పతనమే.

దేవకుమారి గారి నాన్న ఎజ్రా గారు ధవళేశ్వరంలో మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఈవిడ విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదువుతుండగా టాప్ క్వార్క్ దొరికిందని ప్రపంచానికి తెలిసింది. వాళ్ల ప్రొఫెసరు సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, "దొరికిందర్రా" అని ఆ రోజుకి పాఠం ఆపేశారట. ఈవిడ ఆ రోజే దాని మీద పరిశోధన చెయ్యాలనుకున్నారు. తర్వాత ఎజ్రా గారికి జబ్బు చేసింది, ఇక్కడ ఉద్యోగం వచ్చింది, చేరిపోయారు. నేను ఒకసారి అయ్యో అనబోతే, "నన్నెవరూ ఆపలేదండీ, నేనే ఆగాను" అని నవ్వేశారు. ఆదివారం లూథరన్ చర్చిలో సండే స్కూలు పిల్లలకి పాటలు నేర్పుతారు. ఆ చర్చి కరపత్రాల వెనక తెల్ల వైపంతా కణాల గీతలే. భర్త శాంతికుమార్ గారు పోస్టాఫీసులో పని చేస్తారు. ఇంటికొచ్చిన పిల్లలెవరైనా ఆవిడ చదువుతుంటే అల్లరి చేస్తే, "గమ్మునుండండర్రా, మీ ఆంటీ డబ్ల్యూ గారితో మాట్లాడుతోంది" అంటారు.

డబ్ల్యూ గారంటే డబ్ల్యూ బోసాన్ అనే ఇంకో కణం. టాప్ క్వార్క్ పుట్టీ పుట్టగానే విరిగిపోయి ఒక డబ్ల్యూని, ఇంకో చిన్న క్వార్క్‌ని వదిలి పోతుంది. ఆ డబ్ల్యూ కూడా నిలవదు, అదీ విరుగుతుంది. చివరికి యంత్రంలో కనిపించేవి ఆ ముక్కలే.

"ఎవరూ చూడనిదాని కోసం ఇంత గొడవేంటండీ?" అని నేను విసుక్కున్నాను ఒకసారి.

"పెళ్లివారు వెళ్లిపోయాక విస్తళ్లు లెక్కపెడితే ఎంతమంది తిన్నారో తెలియదాండీ?" అన్నారావిడ.

అది నాకు అర్థమైంది. ఇప్పటికీ నాకు అర్థమైన ఫిజిక్సు అంతే.

ఇక అసలు సంగతి. రెండేళ్ల కిందట మా కాలేజీకి అచ్చిబాబు గారు సెక్రటరీ అయ్యారు. కడియంలో నలభై ఎకరాల నర్సరీ ఆయనది. లారీల మీద మొక్కలు రాజస్థాన్ దాకా పోతాయి. మనిషి మంచివాడే కానీ ప్రతిదీ మొక్కల మడిలాగే చూస్తారు, ఎదగనిది పీకెయ్యాలంటారు. వచ్చీ రాగానే ఒక రూలు పెట్టారు. ఏ గ్రూపులోనైనా కొత్తగా చేరేవాళ్లు పదిహేను మందికి తగ్గితే ఆ గ్రూపు మూసెయ్యడమే. ఫిజిక్స్ మేజర్‌లో ఆ ఏడు తొమ్మిది మంది చేరారు. "కొత్త రూలు కాబట్టి ఈసారికి వదిలేస్తున్నానండి. వచ్చే ఆగస్టులో పదిహేను లేకపోతే లేదు" అని స్టాఫ్ మీటింగులోనే చెప్పేశారు. గ్రూపు పోతే దేవకుమారి గారిని పర్యావరణం పాఠాలు చెప్పుకోమంటారు. ఇంకా పదేళ్ల సర్వీసున్న మనిషి, పదేళ్లూ టాప్ క్వార్క్ పేరెత్తకుండా ప్లాస్టిక్ సంచుల గురించి చెప్పుకోవాలన్నమాట. ఆ వారం ఆవిడ లైబ్రరీలో రెండుసార్లు కళ్లజోడు మర్చిపోయి వెళ్లారు. అంతకుముందు ఆవిడ కళ్లజోడు మర్చిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ శీతాకాలంలోనే ఆవిడ ఎవరికో మెయిళ్లు రాసి ఒక కార్యక్రమం సంపాదించారు. జెనీవా దగ్గర భూమి కింద ఒక పెద్ద యంత్రం ఉంది, అందులో ప్రోటాన్లని ఎదురెదురుగా ఢీకొట్టిస్తారు. ఆ ఢీకొన్నప్పటి నిజమైన బొమ్మల్ని చాలా దేశాల పిల్లలకి ఇచ్చి, ఒక రోజంతా వాటిని వేరు చేసి లెక్కపెట్టమంటారు. సాయంత్రం అన్ని సెంటర్లవాళ్లూ వీడియోలో కలిసి తమ తమ లెక్కలు చదువుతారు. మా కాలేజీని కూడా ఒక సెంటరుగా తీసుకున్నారు. పనిచేసే కంప్యూటర్లు ఒక్క లైబ్రరీలోనే ఉన్నాయి కాబట్టి ఆ పెళ్లి నా నెత్తిన పడింది.

అచ్చిబాబు గారిని పిలవాలని చెప్పింది నేనే. దేవకుమారి గారికి ఇలాంటి లౌక్యం లేదు. "ఆయన కళ్లతో చూస్తే గ్రూపు మీద మనసు మారుతుందండీ" అన్నాను. ఆవిడ భయపడుతూనే ఒప్పుకున్నారు. ఆయన ఫోనులో, "ఆయ్, వస్తానండి. పిల్లలు నిజంగా పనికొచ్చేది చేస్తన్నారో లేదో కూర్చుని చూస్తాను" అన్నారు. మా ఆశలన్నీ ఇక ఆ రోజు మీదే పెట్టుకున్నాం.

మార్చిలో ఒక శనివారం. ఇరవై ఇద్దరు పిల్లలు, పదకొండు జంటలు, జంటకి ఒక కంప్యూటరు, జంటకి యాభై బొమ్మలు. చెప్పులు బయట విడవమంటే విడవని ఇద్దరిని నేను గుమ్మంలోనే కేకలేసి ఆపాను. దేవకుమారి గారు తెర మీద ఒక బొమ్మ వేసి చూపించారు. మధ్యలో నుంచి సన్నటి గీతలు అన్ని వైపులా చిమ్ముకున్నాయి. డబ్ల్యూ విరిగినప్పుడు ఒక పొడుగాటి గీత వస్తుందట, దానికి ఎదురుగా కనపడకుండా పోయిన కణం కోసం చుక్కల గీత వేస్తారట. చుట్టూ అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఛార్జిని బట్టి ప్లస్‌ది ఒక వైపు వంగుతుంది, మైనస్‌ది రెండో వైపు వంగుతుంది. డబ్ల్యూతో పాటు నాలుగైదు కణాల జల్లులు కూడా చిమ్మి ఉంటే అది టాప్ క్వార్క్ జంట అయ్యుండొచ్చు. ఇవేమీ కానివి కూడా బోలెడు ఉంటాయి. ప్రతి బొమ్మనీ చూసి కాగితం మీద నాలుగు కాలమ్‌లలో ఒక దాంట్లో గీత గియ్యాలి. ప్లస్ డబ్ల్యూ, మైనస్ డబ్ల్యూ, టాప్ అనుమానం, ఏదీ కాదు.

చివరికి ఎంత రావాలో మాత్రం ఆవిడ పిల్లలకి చెప్పలేదు. "ముందే చెప్తే కళ్లు దాన్నే వెతుకుతాయి. జవాబు దాచిపెట్టి లెక్కపెట్టడం మా వాళ్ల ఆచారం" అన్నారు నాతో. నాకు మాత్రం ముందురోజే చెప్పారు. ప్రోటాన్‌లోనే ప్లస్ వైపు సరుకు ఎక్కువ ఉంటుంది కాబట్టి మైనస్ డబ్ల్యూలు పది ఉంటే ప్లస్‌వి సుమారు పద్నాలుగు రావాలి. టాప్ జంటల నుంచి వచ్చే డబ్ల్యూలైతే ప్లస్, మైనస్ సమానంగా ఉంటాయి, కానీ అవి చాలా అరుదు. నేను అరచేతిలో పెన్నుతో 'పదికి పద్నాలుగు' అని రాసుకున్నాను.

పిల్లలు భలేగా పని చేశారు. పదింటికి మొదలెట్టి పన్నెండుంపావుకల్లా అయిదువందల యాభై బొమ్మలూ అవజేసి కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే అచ్చిబాబు గారు తెల్ల చొక్కాలో, చేతిలో ఆత్రేయపురం పూతరేకుల పెట్టెతో వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. దేవకుమారి గారు ఒక్కో జంటనీ లేపి అంకెలు చెప్పించి బోర్డు మీద కూడారు. ప్లస్ రెండువందల డెబ్భై ఎనిమిది. మైనస్ రెండువందల నలభై నాలుగు. టాప్ అనుమానం ఇరవై. ఏదీ కాదు ఎనిమిది.

నేను అరచెయ్యి చూసుకున్నాను. నా వేళ్ల లెక్కకి కూడా అది పదికి పద్నాలుగు కాదు, పదకొండున్నర కూడా లేదు. దేవకుమారి గారి చేతిలో మార్కరు అలాగే ఆగిపోయింది.

"మంచిదమ్మా. ఇదేనా రావాల్సింది?" అన్నారు అచ్చిబాబు గారు.

అవునండీ అంటే సరిపోయేది. ఆయనకి తెలిసే దారి లేదు. ఆవిడ వెనక్కి తిరిగి, "కాదండీ. తప్పొచ్చింది" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. భోజనాల వంకతో ఆవిడని పుస్తకాల బీరువాల వెనక్కి లాక్కెళ్లాను.

"మీకేమైనా మతిపోయిందా? ఆయన ఈ గ్రూపు ఉంచాలా తియ్యాలా అని చూడ్డానికొచ్చారు!"

"తప్పు తప్పేనండీ."

"పోనీ ఇవన్నీ టాప్ ఇంటి నుంచి వచ్చిన డబ్ల్యూలని చెప్పండి. అవైతే సమానంగా ఉంటాయన్నారుగా. ఆయనకేం తెలుస్తుంది?"

ఆవిడ నా వంక చూసి, అంత దిగులులోనూ ఫక్కున నవ్వారు. "అయిదొందల్లో అన్ని టాప్‌లా? అలా చెప్తే ప్రపంచంలో ఫిజిక్స్ వాళ్లంతా విమానమెక్కి మన లైబ్రరీకొచ్చేస్తారు శ్యామలాంబ గారూ. అందరి చేతా చెప్పులు మీరే విప్పించాలి."

అని, నన్ను అక్కడే వదిలేసి బోర్డు దగ్గరికి వెళ్లిపోయారు. శాంతికుమార్ గారు తెచ్చిన పులిహోర పొట్లాలు విప్పి పిల్లలు తింటున్నారు. ఆవిడ తినలేదు. బోర్డునే చూస్తూ నిలబడి, కాసేపటికి చివరి అంకె మీద వేలు పెట్టారు.

"ఒరే, ఒక్క మాట చెప్పండి. ఏదీ కాదులో ఎనిమిదే ఉన్నాయేంటి? ఈ బొమ్మల్లో సగం పైగా అవే ఉండాలి కదా. అందరూ ఇంత తక్కువ ఎలా వేశారు?"

పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. రెండో ఏడాది చదివే హారతి అనే పిల్ల లేచి నిలబడింది. తెలివైన పిల్ల, మాట మాత్రం పైకి రాదు.

"అది మేడం... తెలియకపోయినా వదిలెయ్యకూడదు కదండీ."

"ఎందుకొదలకూడదు?"

"ఎంసెట్‌లో నెగటివ్ మార్కులుండవు కదండీ. ఒక్క బిట్టు కూడా ఖాళీగా వదలొద్దని ఇంటర్ రెండేళ్లూ రోజూ చెప్పేవారండి. తెలియకపోతే ఏదో ఒకటి పెట్టెయ్యమనేవారు. అందుకని డౌటున్నవి ఒకటి ప్లస్‌లో వేస్తే ఇంకోటి మైనస్‌లో వేశామండి, న్యాయంగా."

"మీరొక్కరేనా?"

"లేదండీ. అందరం అంతే కదండీ."

అందరూ తలలు ఊపారు. ఎనిమిది వేసింది ఎవరా అని చూస్తే, ఇంటర్ ఊరి గవర్నమెంటు కాలేజీలో చదివి ఏ ఎంట్రన్సూ రాయని గణేష్‌బాబు, వాడి జంటవాడూ మాత్రమే. వాడు అదేదో నేరంలా తలొంచుకున్నాడు.

దేవకుమారి గారు కుర్చీలో కూలబడి నవ్వడం మొదలెట్టారు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. పిల్లలకి ముందు భయమేసి, తర్వాత వాళ్లకీ నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఆవిడ బోర్డు మీద చకచకా చూపించారు. పనికిరాని బొమ్మలు మూడువందల చిల్లర ఉంటే, వాటిని న్యాయంగా చెరిసగం పంచి రెండు వైపులా పోశారు. రెండు బిందెల పాలల్లో ఒకే కొలత నీళ్లు కలిపితే ఏ బిందెలో పాలు ఎక్కువో ఏమి తెలుస్తుంది, అందుకే అంకెలు దగ్గరికొచ్చేశాయి. "మీరు లెక్క తప్పలేదర్రా. తెలియదని రాయడం మీకెవరూ నేర్పలేదు, అంతే. నేనూ నేర్పలేదు, తప్పు నాది" అన్నారు.

అప్పుడు అచ్చిబాబు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఉన్న సంగతే మేం మర్చిపోయాం.

"మా తోటలో ఒకడుండేవాడండి. ఏ అంటు దేనిదో తెలియకపోతే అన్నిటికీ బంగినపల్లి ట్యాగు కట్టేసేవాడు. నాలుగేళ్ల తర్వాత కాయలు కాశాక గానీ తెలీలేదు. బీదరు నుంచి రైతు వచ్చి నా గుమ్మంలో కూర్చున్నాడు." కుర్చీ ముందుకి జరుపుకుని, "ఓ బొమ్మ నాకూ వెయ్యండి, చూస్తాను" అన్నారు.

ఆయన్ని నా కంప్యూటరు ముందు కూర్చోబెట్టాం. పిల్లలు కూడా ఎవరి బొమ్మలు వాళ్లు మళ్లీ మొదటినుంచి చూడ్డం మొదలెట్టారు. ఎంత రావాలన్నది అప్పుడు కూడా దేవకుమారి గారు చెప్పలేదు, నేను చెయ్యి ముడుచుకునే తిరిగాను. అచ్చిబాబు గారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, తెరకి ముక్కు ఆనించి, ఒక్కో బొమ్మా అటూ ఇటూ తిప్పించి చూశారు. నలభై ఏళ్లుగా వేలి పొడవు మొలకల్లో ఏది ఏదో చూసి చెప్పిన కళ్లవి. "ఈ గీత తిన్నగా పోతంది, ఇదేదో నాకు తేలట్లేదు, తీసేయండి" అంటూ యాభైలో ముప్పై రెండు తీసేశారు. డ్రైవరు రెండుసార్లు వచ్చి భోజనం చల్లారిపోతోందన్నా లేవలేదు. తర్వాత దేవకుమారి గారు సరిచూస్తే యాభైలోనూ ఆయన తప్పినవి నాలుగే. ఆయన బొమ్మలు లెక్కలో కలపలేదు. అందుకు ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు కూడా.

మూడున్నరకి రెండో లెక్క తేలింది. ప్లస్ నూట ఇరవై ఒకటి, మైనస్ ఎనభై ఎనిమిది, టాప్ అనుమానం పదిహేడు, ఏదీ కాదు మూడువందల ఇరవై నాలుగు. పదికి పదమూడు ముప్పావు. నేను అరచెయ్యి విప్పి పిల్లలకి చూపించాను. గదంతా ఈలలు. లైబ్రరీలో ఈలలు వేస్తే నేను ఊరుకున్నది ఆ ఒక్క రోజే.

నాలుగింటికి వీడియో మొదలైంది. తెర మీద జెనీవా నుంచి ఒక అమ్మాయి, ఇంకో నాలుగు సెంటర్ల పిల్లలు. మా వంతు వచ్చేముందు నేను దేవకుమారి గారి కొంగు పట్టుకుని, "రెండోది ఒక్కటే చదవండి, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలాను. ఆవిడ మైకు తీసుకెళ్లి హారతి చేతిలో పెట్టి, "రెండూ చదువు. మొదటిది ఎందుకు తప్పిందో కూడా చెప్పు" అన్నారు.

ఆ పిల్ల మైకు రెండు చేతులతో పట్టుకుంది. ముందు తప్పు లెక్క చదివింది. ఒక్క బిట్టు కూడా వదలొద్దని మాకు నేర్పారనీ, తెలియని బొమ్మలన్నీ చెరిసగం పంచేశామనీ తనకొచ్చిన ఇంగ్లిషులో చెప్పింది. తర్వాత రెండో లెక్క చదివింది. జెనీవా అమ్మాయి నవ్వాపుకుంటూ ఏదో రాసుకుంది. రెండో లెక్క పట్టికలో వేస్తాననీ, మొదటిది దాని కింద గమనికగా పెడతాననీ చెప్పింది. ఈ పని చెయ్యడానికి మేం కూడా ఏళ్ల తరబడి నేర్చుకున్నాం, మీరు ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకున్నారు అని కూడా అంది. అది మర్యాదకి అన్నా నాకు చాలు.

 అచ్చిబాబు గారు పూతరేకులు పంచి, కారెక్కబోతూ వెనక్కి తిరిగి, "బాగుందండి. కానీ రూలు రూలేనండి. ఆగస్టులో పదిహేను" అన్నారు. కారు మలుపు తిరిగేదాకా ఆగి, ఆయన్ని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఆ వేసవంతా దేవకుమారి గారు ఎండనపడి ఇంటర్ కాలేజీలన్నీ తిరిగారు. ఇంటర్ పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడారు. చెప్పడం కూడా సరిగా చెప్పరు. ఉద్యోగం వస్తుందా అని అడిగితే, "కొందరికి వచ్చింది, కొందరికి రాలేదండీ" అంటారు. అలా చెప్తే ఎవరు చేరతారని నేను పోట్లాడితే, "చేరాక తెలిసేదానికన్నా ముందే తెలియడం నయం కదండీ" అనేవారు. అయినా ఒక్కొక్కరే వచ్చారు. హారతి తన వీధి నుంచి ఇద్దరిని లాక్కొచ్చింది. గణేష్‌బాబు వాళ్ల ఊరి కాలేజీ నుంచి ముగ్గురిని తెచ్చాడు. ఆగస్టు నెలాఖరుకి పద్నాలుగు మంది అయ్యారు.

పద్నాలుగు దగ్గర ఆగిపోయింది.

స్పాట్ అడ్మిషన్లకి ఆఖరి రోజు. ఆఫీసు కంప్యూటరు పాడై, ఎంట్రీలన్నీ నా లైబ్రరీలోనే చేస్తున్నాం. అయిదింటికి పోర్టల్ మూసేస్తారు. నాలుగున్నరయ్యింది. దేవకుమారి గారు కిటికీ దగ్గర కూర్చుని, పర్యావరణం సిలబస్ పుస్తకం తీసుకుని చదువుకుంటున్నారు.  పేజీ తిప్పడం లేదని నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు అచ్చిబాబు గారు లోపలికొచ్చారు. గుమ్మంలో చెప్పులు విడిచే వచ్చారు. వెనక పద్దెనిమిదేళ్ల పిల్ల, చేతిలో సర్టిఫికెట్ల ఫైలు.

"మా మనవరాలండి, సుప్రియ. ఇంజనీరింగులో కంప్యూటర్స్ సీటు వచ్చింది. వద్దంటంది. మార్చిలో నేను ఇంటికెళ్లి ఆ గీతల గురించి చెప్పిన దగ్గర్నుంచీ ఇదే గోల, రోజూ కంప్యూటర్లో ఆ బొమ్మలే. నిన్నటిదాకా తిట్టాను. ఇంక నావల్ల కాక తీసుకొచ్చాను." ఆయన కుర్చీ లాక్కుని దేవకుమారి గారికి ఎదురుగా కూర్చున్నారు. "మీరు చెప్పండమ్మా. ఇది ఫిజిక్స్ చదివితే దీని బతుకు బాగుంటుందా?"

నేను కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. పద్నాలుగు మంది ఉన్నారు. పదిహేనో పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. ఒక్క మాట చాలు. బాగుంటుందండీ అనొచ్చు, ఏ టీచరైనా అంటారు, ఏ తాతయ్యైనా అది వినడానికే వస్తాడు.

దేవకుమారి గారు ఆ పిల్ల వంక చూశారు. తర్వాత ఆయన వంక చూశారు.

"నాకు తెలియదండీ" అన్నారు.

అంతటితో ఆగలేదు.

"ఇంజనీరింగులో చేర్చినా బాగుంటుందో లేదో నాకు తెలియదండీ. ఈ పిల్ల కష్టపడుతుందా, ఎక్కడిదాకా పోతుంది, ఉద్యోగం ఎప్పుడొస్తుంది, ఏదీ నాకు తెలియదు. నాకొచ్చినదంతా చెప్తాను. అది మాత్రం తెలుసండి."

నేను గడియారం చూశాను. నాలుగు ముప్పై ఎనిమిది. నేను ఇక ఆగలేక ఏదో ఒకటి అనేద్దామని నోరు తెరిచాను. అంతలో అచ్చిబాబు గారు పిల్ల చేతిలో ఫైలు తీసుకుని నా బల్ల మీద పెట్టారు.

"మూడు కాలేజీలకెళ్లానండి దీన్ని తీసుకుని. అన్ని చోట్లా బ్రహ్మాండంగా ఉంటుందని బంగినపల్లి ట్యాగే కట్టారు" అన్నారు. మనవరాలి వైపు తిరిగి, "కూర్చోవే. నీ పేరు నువ్వే టైపు చేసుకో" అన్నారు.

నేను లేచి నా కుర్చీ ఆ పిల్లకిచ్చాను. కళ్లు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కుంటుంటే దేవకుమారి గారు చూశారు. నాకు కోపమొచ్చి, "ఏంటండీ చూస్తారు, వెళ్లి క్లాసుకి రిజిస్టరు తెచ్చుకోండి" అని కసిరాను.